మీ ఊళ్లో పాత కోటో గడో ఉందా? అది కూలిపోకుండా చూసుకోవడం ఎలా

గోల్కొండ, గండికోట, ఓరుగల్లు లాంటి పేరున్న కోటల గురించి కాదు ఇది. మీ ఊరి పక్క గుట్ట మీద ఏటా ఒక బురుజు జారిపోతూ ఉండే చిన్న కోట గురించి, ఊరి మధ్యలో తాళం వేసుకుని పిచ్చిచెట్లు మొలిచిన గడి (పాత దొరల కోట లాంటి ఇల్లు) గురించి రాస్తున్నా. అలాంటిది మీ ఊళ్లో ఉండి, దానికి ఏదైనా చేద్దాం అని నలుగురు కుర్రాళ్లు కూడారంటే చాలా సంతోషం, కానీ ఆ ఉత్సాహంలో అందరూ ముందు చేసే పని చందాలు వేసుకుని సిమెంట్ బస్తాలు తెప్పించడం, పగుళ్లన్నీ పూడ్చేసి పైన రంగు కొట్టడం. దయచేసి అది మాత్రం చెయ్యొద్దండి. కోటని కూల్చేది ముఖ్యంగా రెండే, ఒకటి లోపలికి దిగే వాన నీళ్లు, రెండోది ఆ నీళ్లని బయటికి పోనివ్వకుండా మనం పూసే సిమెంట్. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థం అవుతుంది.

ముందు అది ఎవరిదో తేల్చుకోండి

చేతిలో పార పట్టుకునే ముందు కాగితం పని ఉంది. కోట కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) కింద ఉందా, రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉందా, దేవాదాయ శాఖదా, రెవెన్యూ పోరంబోకా, లేక ఎవరిదైనా సొంత ఆస్తా అన్నది ఎమ్మార్వో ఆఫీసులో సర్వే నంబర్ పట్టుకుని అడిగితే తెలుస్తుంది. ఏఎస్ఐ వాళ్లదైతే 1958 పురాతన కట్టడాల చట్టం వర్తిస్తుంది, అంటే అనుమతి లేకుండా ఒక్క రాయి కదపకూడదు, మంచి ఉద్దేశంతో చేసినా అది నష్టం చేసినట్టే లెక్క, రెండేళ్ల దాకా జైలో లక్ష రూపాయల దాకా జరిమానానో రెండూనో పడొచ్చు. చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకుని కట్టాలి, ఇది 2010 సవరణతో గట్టిగా వచ్చింది. తెలంగాణలో 2017 హెరిటేజ్ చట్టం కూడా ఉంది.

ఇది విని భయపడి వదిలెయ్యొద్దు. సంరక్షిత కట్టడం అయినా ఊరివాళ్లు చెయ్యగలిగింది చాలా ఉంది, చెత్త ఎత్తడం, గడ్డి కొయ్యడం, ఎక్కడ ఏం కూలిందో ఫొటోతో సహా రాసి పంపడం, కాపలా కాయడం, ఇవన్నీ లెటర్ పెట్టి అడిగితే ఒప్పుకోవచ్చు. లెటర్ పెట్టినప్పుడు కాపీ మీద రసీదు స్టాంప్ వేయించుకోండి, ఆఫీసర్లు మారతారు, కాగితం ఉంటుంది. ఇక సొంత ఆస్తి అయితే ఆ కుటుంబాన్ని ఒప్పించడమే సగం పని. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట అలా వారసుల చేతిలో ఉన్నదే, కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌ని (పాత కట్టడాలు బాగుచెయ్యడం తెలిసిన ఆర్కిటెక్ట్) పెట్టుకుని ఓపిగ్గా బాగు చేయించుకున్నారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో మెరిట్ అవార్డు వచ్చింది. సర్కారు డబ్బు లేకపోతే ఏమీ జరగదు అనేవాళ్లకి ఇది చూపించండి.

తర్వాత ఒక నోట్‌బుక్, ఒక ఫోన్ చాలు

ఏమీ ముట్టుకోకుండా కోట మొత్తం ఒకసారి తిరిగి ఫొటోలు తియ్యాలి. ఊరికే అందంగా తియ్యడం కాదు, ప్రతి గోడనీ ప్రతి బురుజునీ ఎదురుగా నిలబడి, పక్కన ఒక కర్రకి అడుగు అడుగుకి ఎర్రగీత గీసి ఆనించి తియ్యాలి, అప్పుడే ఎత్తు ఎంతో తర్వాత తెలుస్తుంది. నిలబడ్డ చోటు నేల మీద గుర్తు పెట్టుకోండి, వచ్చే ఏడాది కూడా సరిగ్గా అక్కడే నిలబడి తియ్యాలి. బురుజులకి మీరే నంబర్లు ఇచ్చుకోండి (గోడ మీద పెయింట్‌తో రాసి కాదు, కాగితం మీద మ్యాప్‌లో). ఊళ్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఇక్కడ ఏముండేది, బావిలో నీళ్లు ఎప్పటిదాకా ఉండేవి, వానొస్తే నీళ్లు ఎటు పారేవి అని అడిగి రాసుకోండి. ఆ చివరి ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకంటే పాత కాలువలు ఇప్పుడు మట్టిలో పూడిపోయి మన కంటికి కనపడవు.

కూలిన రాళ్లు ఉంటాయి చూశారా, అవి పడిన చోటే వదిలెయ్యండి, లేదా తప్పనిసరిగా జరపాలంటే ఎక్కడ పడిందో ఫొటో తీసి నంబర్ రాసి పక్కన పేర్చండి. శ్రీశైలం ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లకి నంబర్లు వేసి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. ఆ లెక్క లేకపోతే అది ఒక రాళ్ల కుప్ప అంతే. అలాగని మీరు గోడ విప్పి మళ్లీ కడదాం అని అసలు అనుకోవద్దు, హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం 2006 ప్రాంతంలో విప్పితే మళ్లీ తెరుచుకున్నది 2024లో, అది కూడా పెద్ద శాఖ, నిపుణులు, శిల్పులు అందరూ ఉండి. విప్పడం ఒక్క పూట పని, మళ్లీ పేర్చడం మన చేతిలో ఉండదు.

అసలు పని, నీళ్ల దారి

కోట గోడ అంటే బయట నుంచి చూస్తే మొత్తం రాయే అనిపిస్తుంది కానీ చాలా కోటల్లో బయట ఒక రాతి వరస, లోపల ఒక రాతి వరస, మధ్యలో మట్టీ రాళ్ల ముక్కలూ నింపి ఉంటాయి. గోడ పైభాగం దెబ్బతింటే వాన నీళ్లు నేరుగా ఆ మధ్యలోకి దిగుతాయి, మట్టి తడిసి ఉబ్బుతుంది, బయటి రాతి వరసని ముందుకి తోస్తుంది. దూరం నుంచి గోడ వారగా చూడండి, ఎక్కడైనా గోడ పొట్ట వచ్చినట్టు ముందుకి ఉబ్బి ఉందంటే లోపల జరుగుతున్నది ఇదే, అక్కడ కింద ఎవర్నీ కూర్చోనివ్వకండి, మేకల్ని కట్టనివ్వకండి, వెంటనే తాడు కట్టేసి ఇంజినీర్‌ని పిలవండి. గోల్కొండలో 2020 అక్టోబర్ వానలకి గోడ ముక్క కూలింది, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బడీ బావోలీ అనే పెద్ద మెట్ల బావి గోడ 2013 వానాకాలంలో బావిలోకి పడిపోయింది. రెండు చోట్లా నీళ్లే. ఆ బావోలీని తర్వాత మళ్లీ నిలబెట్టారు, అక్కడి మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది, అది వేరే సంగతి.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఏంటంటే, మొదటి పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని వెళ్లి చూడండి, నిజంగా, ఎండలో పదిసార్లు తిరిగినా తెలియనిది వానలో అరగంటలో తెలుస్తుంది. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఎక్కడ గోడ మొదట్లోకి ఇంకుతున్నాయి, రాతి తూములోంచి రావాల్సిన నీళ్లు గోడ మీదుగా కారుతున్నాయా, అన్నీ వీడియో తీసుకోండి. వాన తగ్గాక తూముల్లో ఇరుక్కున్న మట్టి, ఆకులు, వాటర్ బాటిళ్లు కర్రతో మెల్లగా లాగెయ్యండి, గడ్డపార వద్దు. గోడ మొదట్లో నీళ్లు నిలుస్తుంటే నేల వాలు గోడకి ఎదురుదిక్కుగా ఉండేలా పైమట్టి మాత్రం కొంచెం సర్దండి, అదీ అనుమతి ఉంటేనే, పునాది పక్కన కందకం తవ్వినట్టు తవ్వితే గోడే జారుతుంది. బోర్లు, సెప్టిక్ ట్యాంకులు, పైప్‌లైన్ గుంతలు గోడ పక్కన పడకుండా పంచాయతీలో ముందే తీర్మానం చేయించండి.

బురుజు రాళ్ల మధ్య సందులు చూసి చాలామందికి చెయ్యి ఊరుకోదు, పూడ్చెయ్యాలనిపిస్తుంది. కాకతీయుల కాలం పనిలో చాలాచోట్ల సున్నమే వాడకుండా రాయి మీద రాయి అమర్చి కట్టారు, ఆ సందుల్లోంచే లోపలి నీళ్లు బయటికి వస్తాయి. వాటిని సిమెంట్‌తో మూస్తే నీళ్లు లోపల చిక్కుకుని నాలుగు వానాకాలాల్లో గోడ పొట్ట పెడుతుంది. వదిలెయ్యండి వాటిని.

మట్టి కోట అయితే లెక్క వేరు, ఓరుగల్లు బయటి మట్టికట్ట లాంటివి. అక్కడ పొట్టి గడ్డి ఉండటం మంచిదే, వేళ్లు మట్టిని పట్టుకుని ఉంటాయి, చెట్లని మాత్రం పెరగనివ్వకూడదు, ట్రాక్టర్లు ఎక్కించి దారి చేసుకోవడం ఆపాలి.

రావి, మర్రి, మేడి మొక్కల సంగతి

పక్షులు వేసిన గింజలకి గోడ సందుల్లో మొలుస్తాయి ఇవి. వేలెడంత మొక్కలు అయితే వాన పడిన మర్నాడు సందు మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా చేత్తో వచ్చేస్తాయి, ఏటా వానలు పోయాక ఒక ఆదివారం పదిమంది దిగితే చిన్న కోట మొత్తం అయిపోతుంది. బొటనవేలి కంటే లావు అయిందంటే మాత్రం లాగకూడదు, లాగితే వేరుతో పాటు రాళ్లు వస్తాయి. గోడకి సమానంగా రంపంతో కోసెయ్యాలి, గొడ్డలి దెబ్బలు వద్దు, ఆ అదురుకి రాళ్లు కదులుతాయి. కోసిన మోడు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి దానికి మందు పెట్టాలి, అది కోసిన కొద్దిసేపట్లోనే మోడు మీద పూసే పని, స్ప్రే చేసే పని కాదు, ఆ పని లైసెన్స్ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లతో చేయించండి. వేర్లు ఎండి కుళ్లాక మిగిలే బొరియలోకి నీళ్లు పోకుండా సున్నంతో నింపాలి, చాలామంది ఇది మర్చిపోతారు. గోడనే పట్టుకుని నిలబెట్టిన పెద్ద మర్రి ఉంటే దాన్ని మీరు ముట్టుకోవద్దు, చెట్టు పోతే గోడ కూడా పోవచ్చు. అది ఇంజినీర్ చూసి చెప్పాలి.

గడ్డి మాత్రం ఎండాకాలం రాకముందే, అంటే ఫిబ్రవరిలోనే కోసెయ్యండి. తగలబెట్టొద్దు. మంటకి రాయి పొరలు పొరలుగా ఊడుతుంది, పాత దర్వాజాలు అంటుకుంటాయి.

పగులు కదులుతోందా, ఆగిపోయిందా

పగులు కనిపించగానే కంగారు పడక్కర్లేదు, కొన్ని వందేళ్ల కింద వచ్చి అక్కడే ఆగిపోయి ఉంటాయి. తెలుసుకోడానికి ఒక పాత పద్ధతి ఉంది. అద్దాల షాపులో సన్నటి గాజు ముక్క, అరచేయంత పొడవు రెండు వేళ్ల వెడల్పు, కోయించుకురండి. పగులుకి అడ్డంగా పెట్టి రెండు చివర్లా కొంచెం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద పెట్టి అంటించండి, మధ్యలో గాజు ఖాళీగా ఉండాలి. గాజు మీద మార్కర్‌తో తేదీ, పగులు నంబర్ రాయండి. చెక్కడాలు, బొమ్మలు, పాత రంగులు ఉన్నచోట మాత్రం పెట్టొద్దు. పదిహేను రోజులకోసారి వెళ్లి చూడండి, కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవనివ్వండి. గాజు పగిలిందంటే గోడ కదులుతోంది అని అర్థం, అప్పుడు పైపైన పూయడం దండగ, కింద పునాది సంగతి చూడాలి. పగలకుండా ఉంటే ఆ పగులుని సున్నంతో నింపుకుంటే సరిపోతుంది.

సున్నం పని, ఇక్కడ తొందర పనికిరాదు

సిమెంట్ ఎందుకు వద్దో ఒకసారి చెప్తా. పాత గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ ఎండకి వదిలేస్తుంది, సున్నం ఆ తడిని బయటికి పోనిస్తుంది, కొంచెం కదలికని కూడా తట్టుకుంటుంది. సిమెంట్ గట్టిది, బిగుసుకుంటుంది, తడిని ఆపేస్తుంది, దాంట్లో ఉండే లవణాలు పక్క రాయిలోకి, ఇటుకలోకి దిగి తెల్లగా పూసి పొడిపొడిగా రాల్చేస్తాయి. చివరికి సిమెంట్ పట్టీ అలాగే నిలబడి దాని చుట్టూ పాత గోడ అరిగిపోతుంది, ఏ పాత గడికైనా వెళ్లి చూడండి కనిపిస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనిలో ఎక్కువ శ్రమ పోయింది అంతకుముందు రిపేర్లలో పూసిన సిమెంట్‌ని జాగ్రత్తగా ఊడదీసి మళ్లీ సున్నం పెట్టడానికే.

ముందు పాత డంగు సున్నం (సున్నం, ఇసుక కలిపి రుబ్బిన గచ్చు) ముక్క ఒకటి రాలి పడింది తీసుకుని చూడండి, ఇసుక ఎంత లావుది, ఇటుక పొడి ఉందా, జనపనార పీచు ఉందా. దగ్గర్లో ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ ఉంటే పాళ్లు ఎంతో టెస్ట్ చేయించండి, కొత్త మిశ్రమం పాతదానికి దగ్గరగా ఉండాలి, దానికంటే గట్టిగా అసలు ఉండకూడదు.

కాల్చిన సున్నపు రాళ్లు తెచ్చి గుంతలోనో తొట్టిలోనో నీళ్లు పోసి, ఆ నీళ్లలోకి కొంచెం కొంచెంగా వెయ్యాలి, భగ్గుమని మరుగుతుంది, కళ్లద్దాలు గ్లౌజులు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వద్దు, పిల్లల్ని అసలే వద్దు, కంట్లో పడితే చూపు పోతుంది. చల్లారాక పైన నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండేలా కనీసం ఒక నెల నాననివ్వండి, ఇంకా ఎక్కువ నానితే ఇంకా మంచిది, వెన్నలా అవుతుంది. జల్లెడ పట్టి, ఒక వంతు సున్నానికి రెండు నుంచి మూడు వంతుల కడిగిన ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో రుబ్బాలి. గానుగ ఇప్పుడు ఎద్దులతోనే ఉండక్కర్లేదు, మోటార్ రోలు చాలు. నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం మన మేస్త్రీల పాత అలవాటు, ఏది ఎంత అన్నది సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని అడిగి ముందు ఒక మూల చిన్న చదరం పూసి ఒక నెల చూసి అప్పుడు మిగతాది చెయ్యండి. అలాంటి మేస్త్రీ దొరికితే మీ ఊరి ఇద్దరు కుర్రాళ్లని ఆయన పక్కన పెట్టండి, ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు, నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

పూసే ముందు గోడ బాగా తడపాలి, పొడి గోడ సున్నంలో నీళ్లు లాగేసి పొడి చేసేస్తుంది. ఒక్కో పూత పది మిల్లీమీటర్ల కంటే మందం వద్దు, కింది పూత గట్టిపడ్డాకే రెండోది. తర్వాత తడి గోనెసంచులు కప్పి కనీసం పది రోజులు ఆరనివ్వకుండా చూడాలి, పొద్దున సాయంత్రం ఎవరో ఒకరు నీళ్లు చల్లాలి. మండు వేసవిలో, జోరు వానల్లో ఈ పని పెట్టుకోవద్దు, నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. గోడ పైభాగం పని మాత్రం అన్నిటికంటే ముందు పెట్టుకోండి, ఇటుక ముక్కలు కలిపిన సున్నం కాంక్రీటుతో నీళ్లు జారిపోయేలా వాలుగా టోపీ వెయ్యాలి. డబ్బులు ఒక్క పనికే ఉన్నాయంటే ఈ పనే చెయ్యండి.

గడి అయితే చెక్క కూడా చూడాలి

మిద్దె దూలాలు చాలావరకు బయటికి బాగానే కనిపిస్తాయి, కుళ్లేది గోడ లోపల ఉన్న చివర. స్క్రూడ్రైవర్ తీసుకుని గోడలోకి దూలం దిగే చోట మెల్లగా గుచ్చండి, గట్టిగా ఆపితే బాగున్నట్టు, మెత్తగా లోపలికి దిగిపోతే కింద వెంటనే ఊతకర్ర పెట్టించాలి. చెద పురుగు మట్టి దారులు గోడ మీద గీతల్లా కనిపిస్తాయి, అవి తుడిచి చూడండి, మళ్లీ కట్టాయంటే పని నడుస్తోందన్నమాట. మిద్దె కారుతోందని ప్రతి ఏడాదీ పైన ఇంకో పొర సిమెంట్, ఇంకో పొర తారు వేసుకుంటూ పోతారు, ఆ బరువు అంతా పాత దూలాల మీదే. పాత పొరలు తీసి సున్నంతో వాలు సరిచెయ్యాలి. దర్వాజాలకి ఎనామిల్ పెయింట్ వద్దు, దుమ్ము దులిపి అవిసె నూనె పల్చగా పట్టిస్తే చాలు. కరెంట్ వైర్లు గోడలు చెక్కి వెయ్యనివ్వకండి.

గోడల మీద జనం రాసిన పేర్లు, బాణం గుర్తులు ఉన్నచోట ఇసుక బ్లాస్టింగ్, యాసిడ్, వైర్ బ్రష్ ఏవీ వద్దు. నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్ వరకే మన పని. చెక్కడం మీద రంగు పడితే పురావస్తు కెమిస్టులకే వదిలెయ్యాలి.

గుప్తనిధుల గుంతలు

మన దగ్గర కోటలకి నీళ్లు, సిమెంట్ కాక ఇంకో పెద్ద శత్రువు ఇదే. అమావాస్య రాత్రుల్లో వచ్చి బురుజుల కింద, గుడి గర్భాలయాల్లో, నంది కింద తవ్వేసి పోతారు. తెల్లారి గుంత చూస్తే ముందు ఫొటోలు, తర్వాత పోలీస్ కంప్లైంట్, ఆ తర్వాత పురావస్తు శాఖకి కాపీ, వాళ్లు చూసి వెళ్లాక మాత్రమే పూడ్చండి, ఎందుకంటే బయటపడ్డ మట్టిలో కుండ పెంకులు, పూసలు ఉండొచ్చు. కానీ పూడ్చకుండా వానాకాలంలోకి పోనివ్వొద్దు, ఆ గుంతలో నిలిచే నీళ్లు పునాదిలోకే. నిజంగా నాణేలు లాంటివి దొరికితే 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టర్‌కి తెలపాలి, ఇది ఊళ్లో అందరికీ చెప్పి పెట్టండి. గుట్ట కింద టీ కొట్టు నడిపే ఆయన, మేకలు కాసే వాళ్లు, వీళ్లే మీ అసలు కాపలా, వాళ్ల దగ్గర మీ నంబర్ ఉండాలి, రాత్రి తెలియని జీపు కనిపిస్తే ఫోన్ వచ్చేలా.

జాతర, పెళ్లి షూటింగ్, సినిమా షూటింగ్ వచ్చినప్పుడు గోడలకి మేకులు కొట్టకూడదు, గోడ ఆనుకుని పొయ్యి పెట్టకూడదు, జనరేటర్, డీజే బాక్సులు గోడలకి దూరంగా ఉండాలి, ఇవి రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పంచాయతీ సరే అనాలి.

సలహా కావాలంటే ఇంటాక్ వాళ్ల శాఖలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, 1984 నుంచి ఇదే పని మీద ఉన్న సంస్థ, ఉత్తరం రాసి ఫొటోలు పంపండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు, దత్తత పథకాలు కూడా ఉన్నాయి, 2018లో గండికోటని అలాగే తీసుకున్నారు, కానీ అవి ముఖ్యంగా బాత్రూములు, లైట్లు, దారుల కోసం, గోడ పని వాటితో అయిపోతుంది అనుకోకండి.

ఏడాది లెక్క ఇలా పెట్టుకోండి. ఫిబ్రవరిలో గడ్డి కోత. మేలో మిద్దెలు, తూములు శుభ్రం. జూన్ మొదటి వానలో తిరిగి చూడటం. అక్టోబర్‌లో మొక్కలు పీకడం, పాత చోట్ల నుంచే మళ్లీ ఫొటోలు తియ్యడం. నవంబర్‌లో సున్నం పని మొదలు, అంటే దసరాకి ముందే సున్నం గుంతలో నానుతూ ఉండాలి. నోట్‌బుక్ రెండు కాపీలు చేసి ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి హైస్కూల్ లైబ్రరీలో ఉంచండి, మొదలుపెట్టిన బ్యాచ్ ఉద్యోగాలకి ఊరు వదిలి వెళ్లాక తర్వాతి బ్యాచ్‌కి ఏ పగులుకి ఏ రోజు గాజు పెట్టారో దాంట్లోంచే తెలియాలి.